22 రోజుల ఫైలు, 17 నిమిషాల పని



ముందుగా ఒక లెక్క చెబుతాను. 1990లో మైకేల్ హామర్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అంతకుముందు ఆయన అమెరికాలోని ఎం.ఐ.టి.లో కంప్యూటర్ సైన్సు ప్రొఫెసరు. ఆ వ్యాసంలో ఒక బీమా కంపెనీ సంగతి వస్తుంది. ఆ కంపెనీలో ఒక దరఖాస్తు పని పూర్తి కావడానికి 22 రోజులు పట్టేదట. ఆ 22 రోజుల్లో ఉద్యోగులు ఆ కాగితాలను చేతిలోకి తీసుకుని నిజంగా పనిచేసింది ఎంతసేపో తెలుసా? 17 నిమిషాలు.

మరి మిగతా కాలమంతా ఆ కాగితాలు ఏం చేసినట్టు? ఒక బల్ల మీది ట్రేలోంచి ఇంకో బల్ల మీది ట్రేలోకి వెళ్లడానికి కాచుకుని కూర్చున్నాయి. ఇలాంటిచోట ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఒకాయన సెలవులో ఉంటాడు. ఇంకొకాయన చూస్తాడు గానీ ఏదో సందేహం రాసి వెనక్కి పంపుతాడు. ఆ సందేహం తీర్చాల్సిన మనిషికి ఫైలు తన దగ్గరికి వచ్చిన సంగతే తెలియదు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు ఇది ఒకరు చెప్పాలా? అమెరికాలోనూ ఇదే తంతు అని తెలిస్తే కాస్త ఊరట, అంతే.

ఈ ఎదురుచూపును తగ్గించడానికి పుట్టిందే బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. పొడి అక్షరాల్లో బీపీఎం అంటారు. పాతికేళ్ల కిందట పెద్ద కంపెనీల కంప్యూటర్లలో మాత్రమే కనిపించిన ఈ సరుకు ఇవాళ మనుషుల జేబుల్లోని ఫోన్లలోకి వచ్చేసింది. వచ్చాక ఏం బాగుపడింది, ఏం బాగుపడలేదు అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

బీపీఎం అంటే ఏమిటో చెప్పడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ తీసుకోండి. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం. రోగి ఆసుపత్రికి వస్తాడు. అక్కడుండే ఆరోగ్యమిత్ర అనే సహాయకులు కార్డు చూసి నమోదు చేస్తారు. డాక్టరు పరీక్షించి, ఫలానా ఆపరేషన్ కావాలని రిపోర్టులు జతచేసి ఆన్‌లైన్‌లో అనుమతి అడుగుతారు. పథకాన్ని నడిపే ట్రస్టు వైపు డాక్టర్లు అవి చూసి సరేనంటారు, లేదా ఇంకో రిపోర్టు పంపమంటారు. తర్వాత చికిత్స, డిశ్చార్జి, ఆపైన బిల్లు. ఆ బిల్లును మళ్లీ కొందరు చూడాలి, చివరికి ఆసుపత్రి ఖాతాలో డబ్బు పడాలి. ఇన్ని మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా తేలాల్సినవి కొన్ని ఉంటాయి. ఎవరు చూడాలి, ఏం చూడాలి, ఎంతసేపట్లో చూడాలి, చూడకపోతే పైన ఎవరికి తెలియాలి. వీటన్నిటినీ ముందే రాసిపెట్టి, ఫైలును నడిపించే బాధ్యతను అటెండరు మీద కాకుండా కంప్యూటరు మీద పెట్టడమే బీపీఎం. ఇంకో సంగతి చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఆన్‌లైన్ కాగితాల కోసం ఆగకుండా, ఫోన్లో చెప్పి అనుమతి తీసుకునే వెసులుబాటు కూడా ఆ పథకంలో పెట్టారు. మొబైల్ అప్రూవల్ అని ఇవాళ గొప్పగా చెప్పుకునే పని అప్పట్లో నోటిమాటతో నడిచిందన్నమాట.

ఈ మెట్లన్నిటినీ బొమ్మగా గీయడానికి ఒక పద్ధతి ఉంది. పనికి గుండ్రని మూలల డబ్బా, నిర్ణయానికి డైమండు, మొదలుకీ చివరకీ వృత్తాలు. ఎవరి పని వారి వరుసలో, ఈతకొలనులో గీతల్లా. దీన్ని బీపీఎంఎన్ అంటారు. 2004లో మొదటి రూపం వచ్చింది, 2011లో రెండోది. రెండోదాని గొప్పతనం ఏమిటంటే, గీసిన బొమ్మనే కంప్యూటరు చదివి నడిపించగలదు. బొమ్మ వేరు, ప్రోగ్రాము వేరు అన్న ఎడం అలా తగ్గింది. తగ్గిందన్నాను గానీ పోయిందనలేదు. పోయే పనైతే హైదరాబాదు అమీర్‌పేటలో ఇవి నేర్పే కోచింగ్ సెంటర్లు ఎందుకుంటాయి?

అవును, అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఆ బోర్డుల మీద ఎస్.ఎ.పి., ఒరాకిల్ పక్కనే పెగా అనే పేరు కనిపించే ఉంటుంది. పెగాసిస్టమ్స్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో 1983లో పుట్టిన కంపెనీ. దాని వ్యవస్థాపకుడు ఆలన్ ట్రెఫ్లర్ మంచి చదరంగం ఆటగాడు కూడా. ఆ కంపెనీకి హైదరాబాదులో పెద్ద కార్యాలయమే ఉంది. అప్పియన్, సర్వీస్‌నౌ లాంటివి కూడా ఇదే రంగంలోవి. అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఫైళ్లు ఎటు నడవాలో రాసే ఉద్యోగాల్లో మన తెలుగు పిల్లలు బోలెడుమంది ఉన్నారు. అక్కడి బీమా దరఖాస్తును పరుగులు పెట్టించే కుర్రాడు ఇక్కడ సొంత ఊళ్లో ఒక సర్టిఫికెట్ కోసం నెల తిరగాల్సి రావచ్చు. ఆ వింత గురించి ఇంకోసారి.

ఇక ఫోన్ల సంగతికి వద్దాం. ఐఫోన్ 2007లో వచ్చింది, యాప్ స్టోర్ 2008 జులైలో తెరిచారు. అంతకుముందు బ్లాక్‌బెర్రీలు ఉండేవి. వాటి మీద మేనేజర్లు ఈ-మెయిల్ చూసుకుని, దానికి జవాబుగా సరే అనో కాదు అనో కొట్టేవారు. మొదట్లో బీపీఎం కంపెనీలు చేసింది కూడా దాదాపు అంతే. పెద్ద కంప్యూటరు తెరను కుదించి చిన్న తెరలో ఇరికించారు. ఇరవై గడుల ఫారాన్ని వేలితో పెద్దది చేసుకుంటూ, జరుపుకుంటూ చూడాలి. ఎవరు వాడతారు? ఆ తర్వాత ఒక్కో కంపెనీ విడిగా మొబైల్ యాప్‌లు కట్టడం మొదలుపెట్టింది, కొన్ని ఆ పని తెలిసిన చిన్న కంపెనీలను కొనుక్కున్నాయి. పెగా 2013లో యాంటెన్నా సాఫ్ట్‌వేర్ అనే మొబైల్ సంస్థను కొన్నది అందుకే.

అమ్మేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఒక్కటే దృశ్యం చూపిస్తారు. విమానాశ్రయంలో కూర్చున్న పెద్దసారు, చేతిలో ఫోను, బొటనవేలితో ఒక్క నొక్కు, ఫైలు కదిలిపోయింది! నా ఉద్దేశంలో ఫోను వల్ల కలిగిన లాభాల్లో ఇదే అన్నిటికంటే చిన్నది. పెద్దసారు సంతకం కోసమే ఫైలు ఆగిన చోట ఇది పనికొస్తుంది, కాదనను. సెలవు చీటీలు, టీఏ బిల్లులు, చిన్నచిన్న కొనుగోళ్లు ఇలా తేలిపోతాయి. కానీ ఆ పెద్దసారు ఫైలు ఎందుకు ఆపాడు? ఫోను లేకనా, లేక కింది నుంచి వచ్చిన సమాచారం నమ్మేలా లేకనా? రెండోదైతే ఫోను ఏం చేస్తుంది?

అసలు లాభం ఇంకో చివర ఉంది. ఆఫీసులో కూర్చోకుండా బయట తిరిగే మనుషుల దగ్గర. పొలం చూసే వ్యవసాయ సహాయకుడు, కారు దెబ్బ చూసే బీమా సర్వేయరు, కరెంటు లైను బాగుచేసే లైన్‌మన్, మందుల దుకాణాలు తిరిగే ప్రతినిధి. వీళ్లు పగలంతా తిరిగి కాగితం మీద రాసుకుని, సాయంత్రం ఆఫీసుకొచ్చి, ఇంకొకరి చేత కంప్యూటర్లోకి ఎక్కించేవారు. ఒకే సంగతి రెండుసార్లు రాయడం. రాసేచోట ఒక తప్పు, ఎక్కించేచోట ఇంకో తప్పు. ఫోను వచ్చాక చూసినచోటే నమోదవుతుంది. పైగా ఫోనులో కెమెరా ఉంది, తానెక్కడుందో చెప్పే జీపీఎస్ ఉంది, బార్‌కోడ్ చదివే కన్ను ఉంది. కారు బంపరుకు సొట్ట పడితే యజమానే నాలుగు ఫొటోలు తీసి పంపి క్లెయిము మొదలుపెట్టే పద్ధతి ఇప్పుడు బీమా కంపెనీల్లో మామూలైంది. ఒక మనిషి ప్రయాణం, ఒక రోజు ఎదురుచూపు అక్కడ పూర్తిగా తప్పాయి.

అయితే కెమెరా పెట్టగానే నిజం వచ్చేస్తుందని అనుకుంటే పొరపాటు. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు కోసం కేంద్రం 2021 మేలో ఒక మొబైల్ యాప్ తెచ్చింది. నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్ దాని పేరు. 2023 జనవరి 1 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. పని చూసే మేటు రోజుకు రెండుసార్లు పనిచోట కూలీల ఫొటో తీసి పంపాల్సి వచ్చేది, చోటూ సమయమూ అందులోనే నమోదయ్యేవి. కాగితం మస్టరులో దొంగ పేర్లు రాసే అలవాటుకు ఇది మందు అన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పనితో సంబంధం లేని ఫొటోలు వస్తున్నాయని, ఉన్న ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పంపుతున్నారని, ఫొటోలోని మనుషులకూ మస్టరులోని పేర్లకూ పొంతన లేదని అందులో వాపోయింది. మరి విరుగుడు? గ్రామ పంచాయతీ స్థాయిలో ఆ ఫొటోలన్నిటినీ మనుషులు కూర్చుని సరిచూడాలంది. అంటే కాగితాన్ని తీసేయడానికి వచ్చిన యాప్ ఇంకో కొత్త మెట్టు కట్టింది. ఆ మెట్టు మీద ఇంకో మనిషి కూర్చున్నాడు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కని రోజున నిజంగా పనిచేసిన కూలీకి హాజరు పడకపోవడం దీనికి అదనం. దొంగ దొరికాడో లేదో గానీ, కష్టపడ్డవాడి కూలి మాత్రం ఇరకాటంలో పడింది.

ఈ సిగ్నల్ విషయం కాస్త నిలిచి చూడాలి. ఎందుకంటే మొబైల్ బీపీఎంలో కష్టమంతా ఇక్కడే ఉంది, అమ్మకాల పుస్తకాల్లో మాత్రం దీనికి ఒక్క వాక్యమే ఉంటుంది. ఆఫీసు కంప్యూటరు ఎప్పుడూ తీగకు కట్టేసి ఉంటుంది. ఫోను అలా కాదు. పాడేరు ఘాట్ రోడ్డులోనో, ఉట్నూరు లోపలి గూడేల్లోనో, అంతెందుకు, హైదరాబాదులో ఏ సెల్లార్‌లోనో దానికి బయటి లోకంతో సంబంధం తెగిపోవచ్చు. అప్పుడు యాప్ ఏం చేయాలి? తెల్లమొహం వేసి చక్రం తిప్పుతూ కూర్చుంటే ఆ ఉద్యోగి మళ్లీ జేబులోంచి కాగితం తీస్తాడు. కాబట్టి నింపిన ఫారం ముందు ఫోన్లోనే భద్రంగా ఉండాలి, సిగ్నల్ దొరికాక తనంతట తాను వెళ్లాలి. వినడానికి తేలికే. ఇప్పుడు చిక్కులు చూడండి.

ఒక తనిఖీ ఉద్యోగి ఉదయం పదకొండింటికి సిగ్నల్ లేని ఊళ్లో ఒక దుకాణం చూసి అంతా బాగుందని రాశాడు. పన్నెండింటికి హెడ్డాఫీసులో ఎవరో ఆ తనిఖీని ఇంకో ఉద్యోగికి మార్చారు. సాయంత్రం ఈయన రోడ్డు మీదికి రాగానే ఫోను తన రిపోర్టు పంపింది. ఏది చెల్లుతుంది? దీనికి కంప్యూటరు దగ్గర జవాబు ఉండదు, ఆ సంస్థ ముందే నిర్ణయించి రాసుకోవాలి. ఇంకోటి. సిగ్నల్ మినుకుమినుకుమంటుంటే పంపు అన్న బటన్ మనం ఒక్కసారి నొక్కి ఊరుకోం కదా, మూడుసార్లు నొక్కుతాం. మూడు బిల్లులు పోతాయి. అలా పోకుండా ప్రతి ఫారానికీ ఫోన్లోనే ఒక ప్రత్యేక సంఖ్య పడాలి, అదే సంఖ్యతో రెండోసారి వస్తే సర్వరు పక్కన పెట్టేయాలి. ఇంకా ఉంది. ఫోనులో గడియారం ఎవరైనా మార్చుకోవచ్చు, కాబట్టి ఫోను చెప్పిన టైముతో పాటు సర్వరుకు చేరిన టైమూ దాచుకోవాలి. మొన్న సోమవారం నుంచి ఫారంలో ఒక గడి కొత్తగా చేర్చారనుకోండి, శుక్రవారం పాత ఫారం నింపుకుని అడవిలో ఉన్న ఉద్యోగి మంగళవారం బయటికొస్తే? ఆ ఫారాన్ని చెల్లదని తిప్పికొడితే నాలుగు రోజుల పని పోయినట్టే. ఇవేవీ ఆకర్షణీయమైన సంగతులు కావు. కానీ పనిచేసే యాప్‌కీ పక్కన పడేసిన యాప్‌కీ తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఫారం తెలుగులో లేకపోవడం, ఎంచుకోవాల్సిన జాబితాలో నూటఇరవై ఇంగ్లిషు పేర్లుండటం లాంటివి కూడా ఈ కోవలోవే.

చిన్న తెర మీద నిర్ణయాల గురించి కూడా ఒక మాట. పదిహేను పేజీల కొనుగోలు ఫైలు ఫోన్లో వస్తుంది. కనిపించేది మూడు వరుసల సారాంశం, కింద ఆకుపచ్చ బటను, ఎర్ర బటను. అంత చిన్న తెర మీద జత కాగితాలు తెరిచి చదివే ఓపిక ఎందరికుంటుంది? కాగితం ఫైలుకు ఒక లక్షణం ఉండేది. చదవకుండా సంతకం పెట్టడానికి కూడా అధికారి దాన్ని బల్ల మీద తెరవాల్సి వచ్చేది, పేజీలు తిప్పాల్సి వచ్చేది. ఫోన్లో ఆ మాత్రం అడ్డు కూడా లేదు. అందుకే తెలివైన సంస్థలు ఫలానా మొత్తం దాటిన ఫైళ్లను ఫోన్లో చూడనిస్తాయి గానీ ఆమోదించనివ్వవు. లేదా జత కాగితం తెరిస్తేనే బటను వెలిగేలా పెడతాయి. ఇది అమ్మేవాళ్లకు నచ్చదు, వేగం తగ్గుతుందంటారు. తగ్గనివ్వండి. కొన్నిచోట్ల తగ్గాలి కూడా. ఫోను పోతే దూరం నుంచే అందులోని సమాచారాన్ని తుడిచేసే ఏర్పాటు ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఫోను జేబులో ఉంటుంది గనక ఫైలూ జేబులోనే ఉంటుంది. రాత్రి పదింటికి, పెళ్లి భోజనాల్లో, ఆదివారం పొద్దున ఒక గంట మోగుతుంది. మీ ఆమోదం కోసం ఒక పని వేచి ఉంది అని. 22 రోజులను 2 రోజులు చేశామని కంపెనీ చెప్పుకుంటుంది. ఆ తగ్గిన రోజుల్లో కొంత భాగం ఉద్యోగుల ఇళ్లలోంచి తీసుకున్నదే. ఫ్రాన్సు దీనికి చట్టం చేసింది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు, పనివేళలు దాటాక ఫోను పక్కన పెట్టే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడుకుని తేల్చుకోవాలని 2017 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చింది. ఆస్ట్రేలియా 2024లో అలాంటి హక్కే తెచ్చింది. మన దగ్గర చట్టం లేకపోయినా, సాఫ్ట్‌వేరులో రాత్రి ఎనిమిది తర్వాత గంట మోగకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. వాడమని చెప్పే యాజమాన్యం కావాలి.

మళ్లీ హామర్ దగ్గరికి వస్తాను. ఆయన వ్యాసం మొత్తంలో చెప్పింది ఒక్కటే. ఉన్న పనిని ఉన్నట్టుగా యంత్రానికి ఎక్కించకండి, అక్కర్లేనిదాన్ని ముందు కొట్టేయండి. ఫోర్డ్ కార్ల కంపెనీ కథ అందులోదే. సరుకు పంపినవాళ్లకు డబ్బు చెల్లించే విభాగంలో ఉత్తర అమెరికాలో 500 మందికి పైగా పనిచేసేవారు. కంప్యూటర్లు పెట్టి వాళ్లను 400 మంది చేద్దామనుకున్నారు. ఈలోగా తమకు వాటా ఉన్న జపాను కంపెనీ మాజ్డాలో చూస్తే అదే పని ఐదుగురు చేస్తున్నారు! మాజ్డా చిన్న కంపెనీయే అనుకున్నా, అంత తేడా ఉండదు కదా. ఫోర్డ్ వాళ్లు ఆలోచించి, సరుకు పంపినవాడి బిల్లు కోసం చూడటమే మానేశారు. సరుకు గోదాములోకి దిగి, ఆర్డరుతో సరిపోలితే చెక్కు దానంతటదే వెళ్తుంది. మనుషుల సంఖ్య నాలుగింట మూడు వంతులు తగ్గింది. తగ్గిన మనుషులు ఏమయ్యారన్నది ఇలాంటి వ్యాసాల్లో ఎప్పుడూ రాయరు. ఆ వ్యాసంలోనే మెచ్చుకున్న ఇంకో బీమా సంస్థ, మ్యూచువల్ బెనిఫిట్ లైఫ్, దరఖాస్తుల పనిని ఇలాగే చక్కబెట్టింది. మరుసటి ఏడాదే, 1991లో, భూముల మీద పెట్టిన పెట్టుబడులు బెడిసికొట్టి న్యూజెర్సీ ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లిపోయింది. ఫైలు ఎంత వేగంగా నడిచినా అందులోని నిర్ణయం చెడ్డదైతే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

అక్కర్లేని మెట్లను కొట్టేయడం అంటే ఏమిటో మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణ 2020లో ఇళ్ల అనుమతులకు టీఎస్-బీపాస్ చట్టం తెచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారికి అనుమతే అక్కర్లేదన్నారు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఇంకాస్త పెద్ద ఇళ్లకు యజమాని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణతో వెంటనే అనుమతి. పెద్ద భవనాలకు 21 రోజుల గడువు. ఆ గడువులో ఆఫీసు ఏమీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. దరఖాస్తుకు మొబైల్ యాప్ కూడా పెట్టారు. ఇందులో బలం యాప్‌ది కాదు, చట్టానిది. చిన్న ఇంటి దగ్గర మెట్లు పోయాయి, పెద్ద భవనం దగ్గర మౌనానికి ఖరీదు పెట్టారు. ఆలస్యం చేస్తే నష్టం అడిగేవాడిది కాకుండా ఆపేవాడిదైంది. పాత మెట్లన్నీ అలాగే ఉంచి ఫోన్లోకి ఎక్కించి ఉంటే, మనం ఎదురుచూసే చోటు క్యూ నుంచి తెరకు మారేది, అంతే. అబద్ధపు ధ్రువీకరణ ఇచ్చినవారిని తర్వాత పట్టుకునే పని మిగిలే ఉంటుంది. కాకపోతే ఆ కొందరి కోసం అందరినీ గుమ్మంలో నిలబెట్టాల్సిన అవసరం తప్పింది.

మీలో వ్యాపారాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, సహకార సంఘాలు నడిపేవారు ఉంటారు. ఇలాంటి యాప్ అమ్ముతామని ఇవాళో రేపో ఎవరో ఒకరు మీ దగ్గరికి వస్తారు. రంగురంగుల తెరలు చూపించబోయే ముందు ఆయన ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమనండి. అలాగే ఒక ఫారం నింపి, ఫొటో తీసి, పంపు బటన్ మూడుసార్లు నొక్కమనండి. తర్వాత సిగ్నల్ ఇచ్చి, అవతల ఎన్ని ఫారాలు చేరాయో లెక్కపెట్టండి. ఆ సమయంలో మీ దగ్గర ఆ పని రోజూ చేసే గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు పెట్టే సంతకాల్లో ఏది దండగో ఆయనకు తెలుసు. ఆయన చెప్పింది విని ఆ సంతకాన్ని తీసేశాకే బేరం మొదలుపెట్టండి.